బుడాన్ మిగిల్చిన వెలుగు

పెదకాకానిలో గుడికొచ్చే యాత్రికుల సందడి చెవినపడని వెనక వీధి ఒకటుంది. ఆ వీధి చివర రెండు గదుల పెంకుటిల్లు బుడాన్‌ది. వాళ్ళది తరతరాలుగా దూదేకే ఇల్లు. బుడాన్‌కి యాభై నాలుగేళ్ళొచ్చినా ఆ పని మానలేదు. పొద్దున్నే పంపు దగ్గర మొహం కడుక్కుని, అంకయ్య హోటల్లో రెండిడ్లీలు తిని, సైకిలెక్కి పోయేవాడు. ఎవరింట్లో పరుపు అణిగిపోయిందన్నా, దిండు రాయిలాగైందన్నా వెళ్ళి విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపి ఇచ్చేవాడు. సాయంత్రానికి ఇల్లు చేరి గుప్పెడు బియ్యం పొయ్యి మీద పడేసేవాడు. అన్నం ఉడికాక పచ్చడి ముద్ద వేసుకుని గోడవారన కూర్చునేవాడు.

తినేంతసేపే లైటు. ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకుంటూనే ఎడమచేత్తో స్విచ్చి ఆర్పేవాడు. చెయ్యి కడుక్కునేది చీకట్లోనే. పక్క పరుచుకునేదీ చీకట్లోనే. కళ్ళు పొడుచుకున్నా కనపడని ఆ ఇంట్లో ఎక్కడ ఏముందో అతని చేతులకి తెలుసు.

అలాగని బుడాన్ పిసినారి కాడు. దారిన పోయేవాణ్ణి పిలిచి టీ తాగించేవాడు. పక్కింటివాళ్ళకి చక్కెర కావాలంటే డబ్బా డబ్బాయే అందించేవాడు. వెలుగు ఒక్కటే, పని లేకుండా వెలుగుతుంటే చూడలేకపోయేవాడు. చిన్నప్పుడు ఇంట్లో ఒకటే బుడ్డిదీపం. వాళ్ళమ్మ దాన్ని పట్టుకుని ఏ గదిలో మనిషుంటే ఆ గదికి తిరుగుతూ, పని అయ్యీకాకముందే ఉఫ్‌మని ఊదేది. ‘కళ్ళు మూసుకుంటే ఎట్టాగూ చీకటేగా’ అనేది. ఆ మాట బుడాన్ ఒంట్లో ఇంకిపోయింది. ఇంటికి కరెంటొచ్చేసరికి ఊదే పని చేతికి వచ్చింది, అంతే.

అతని భార్య షాజాదీ. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి పని చేసేవాళ్ళు. దూది ఏకటం అతనిది, గలీబులు కుట్టటం, పరుపుకి అంచు కట్టటం ఆమెది. ఆమె వేసిన అంచు పదేళ్ళయినా పిగిలేది కాదని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. సాయంత్రాలు గుడ్డ ఒళ్ళో వేసుకుని కూర్చునేది. దబ్బనంలో దారం ఎక్కించటానికి ఒక్క క్షణం ఆగిందో లేదో, టక్కున లైటు ఆరిపోయేది.

“దారం ఎక్కిస్తన్నానయ్యా,” అనేది చీకట్లోంచి.

“ఎక్కించాక చెప్పు, వేస్తా,” అనేవాడు.

మొదట్లో ఆమె నవ్వేది. తర్వాత నవ్వటం మానేసి ఊరుకునేది. ఆ తర్వాత దారం ఎక్కించే పనంతా పగలే చేసుకుని, పది దబ్బనాలు వరసగా గోడకి గుచ్చి పెట్టుకునేది. పిల్లలు పుట్టలేదు. ఇంట్లో మాటలు కూడా తగ్గిపోయాయి. ఒక వానాకాలం సాయంత్రం ఆమెకి జ్వరం వచ్చింది. లోపలి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంది. బుడాన్ లోపలికొచ్చి చూశాడు. పడుకున్న మనిషికి లైటెందుకని ఆర్పేసి, అంకయ్య హోటలు దగ్గర కూర్చోవటానికి పోయాడు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చేసరికి ఆమె గోడవైపు తిరిగి ఉంది. పొద్దున్నే ఒక సంచి సర్దుకుని కొత్తపట్నంలో ఉన్న చెల్లెలు షిరీన్ దగ్గరికి పోయింది. ఎందుకు పోతున్నావని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఒక్కసారి వెళ్ళాడు, ఆ తర్వాతొచ్చిన ఎండాకాలం. షిరీన్ వాళ్ళ అరుగు మీద కూర్చుని టీ తాగాడు. సముద్రం మీంచి ఉప్పుగాలి కొడుతుంటే ఏం మాట్లాడాలో తోచక, గ్లాసు కింద పెట్టి, “వస్తా మరి,” అని లేచొచ్చేశాడు. పదకొండేళ్ళు గడిచిపోయాయి.

అట్లా ఉండగా, ఊళ్ళన్నీ చికున్‌గున్యాతో మూలుగుతున్న ఏడాది, బుడాన్ దిండ్లు ఇవ్వటానికి గుంటూరు పోయి బ్రాడీపేటలో కలీం కొట్టు ముందు ఆగాడు. కలీం కరెంటు సామాను అమ్ముతాడు. మెలికలు తిరిగిన తెల్లటి గొట్టం లాంటి బల్బొకటి వెలిగించి చూపించాడు.

“సీఎఫ్ఎల్లండి బుడాన్ గారూ. మీ అరవై క్యాండిల్ బల్బు ఎంత వెలుతురిస్తదో ఇదీ అంతే ఇస్తది. కరెంటు మాత్రం అయిదో వంతు కూడా తాగదు. పైగా చెయ్యి పెట్టి చూడండి, వేడే ఉండదు.”

బుడాన్ చెయ్యి పెట్టి చూశాడు. నిజంగానే వేడి లేదు. ఇలాంటి వస్తువు కోసమే తను పుట్టినప్పటినుంచి ఎదురు చూస్తున్నట్టనిపించింది. రెండు గదులకీ రెండు, వసారాకొకటి తెచ్చుకుని, పాత బల్బులు మూడూ తీసేసి బిగించాడు. అతను తినే ఆ కాస్తసేపూ ఇల్లు తెల్లగా, చల్లగా వెలిగింది. ఆఖరి ముద్దతో ఆర్పేశాడు.

నాలుగో రోజు పొద్దున ఇల్లు ఊడుస్తుంటే తలుపు మూల తెల్లగా, పింజలాగా ఏదో కనిపించింది. దూదనుకుని వంగి తీశాడు. బరువు లేదు. అరచేతిలో పెట్టుకుంటే చేతి గీతలన్నీ స్పష్టంగా కనపడుతున్నాయి. మంచం కింద చూస్తే అక్కడ ఇంకో దోసెడుంది. బట్టల పెట్టె వెనక ఇంకాస్త.

పక్కింటి సుబ్బరావమ్మ వాకిలి ఊడుస్తోంది. అతనికంటే పదేళ్ళు పెద్దది, మిరపతోటలో పనివాళ్ళని కేకేసి కేకేసి గొంతు పెద్దదైపోయిన మనిషి. బుడాన్ చేతిలోది తీసుకెళ్ళి చూపించాడు.

“ఏందక్కా ఇది?”

“మిగిలిన వెలుగురా. కొత్త బల్బులు పెట్టుకున్నావుగా, మిగులుద్ది,” అంది చీపురు ఆపకుండానే. “మా ఇంట్లోనూ చిటికెడు పడిద్ది. తుడిచి పారేస్తా.”

“నాకు తట్టెడుందక్కా.”

సుబ్బరావమ్మ చీపురు పట్టుకుని అతనికేసి చూసింది. “మా ఇంట్లో ఎనిమిది మందిమిరా. పిల్లలు చదువుకుంటారు, కోడలు బియ్యం ఏరుకుంటది, మా ఆయన ఊరికే కూర్చుని గోడకేసి చూస్తాడు. అంతా అయిపోద్ది. నీ ఇంట్లో వాడేవాళ్ళేరి?”

బుడాన్ చేతిలోది ఒలక్కుండా పట్టుకుని ఇంట్లోకి వచ్చేశాడు.

నెల తిరిగేసరికి గోతాలు నిండాయి. పారెయ్యటానికి అతనికి మనసొప్పలేదు. తొక్కి తొక్కి నింపి గోడవారన నిలబెట్టాడు. పగలు వాటి జోలికెవరూ పోరు. సాయంత్రం కరెంటు పోగానే సుబ్బరావమ్మ గోడ మీంచి కేకేసేది. “బుడానూ, దోసెడు వెలుగియ్యరా, పిల్లలు అన్నాలు తింటన్నారు!” ఆమె పళ్ళెంలో ఎంత పడితే అంత పోసేవాడు. అంకయ్య హోటలుకి ఒక గోతం ఇచ్చాడు. మీటరు చూడటానికొచ్చినాయన కూడా జేబులో కాస్త కుక్కుకుని, “మా ఇంటిదానికి సూదులు పారేసుకోవటం అలవాటు,” అని పోయాడు. ఎంత ఇచ్చినా తరగలేదు. కరెంటు పోయిన సాయంత్రాల్లో గోడవతల తన వెలుగులో పిల్లలు కొట్టుకుంటూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ తింటుంటే ఇవతల బుడాన్ చీకట్లో కూర్చుని వినేవాడు. తన కోసం ఒక్క పిడికెడు తీసుకోవాలని అతనికి తట్టేది కాదు.

రెండు గదులూ గోతాలతో నిండి మంచం వేసుకోవటానికి చోటు చాలక, ఒక ఆదివారం బుడాన్ అటక ఖాళీ చేద్దామని నిచ్చెన వేశాడు. అక్కడ చెయ్యి పెట్టి పదకొండేళ్ళయింది. పాత చాపలూ, విరిగిన విసనకర్రా లాగి కింద పడేశాడు. వాటి వెనక, వాసం దగ్గర, చెయ్యి దేనికో తగిలి వెచ్చగా అనిపించింది. ఇవతలికి లాగాడు. తాటికాయంత ఉండ. మట్టి కొట్టుకుపోయి, పాత పరుపులో దూదిలాగా గట్టిపడిపోయి ఉంది. గోటితో గీస్తే లోపల పసుపుపచ్చగా మెరిసింది.

కొత్త బల్బులది తెల్లటి వెలుగు, చల్లటి వెలుగు. ఇది ఆ రంగు కాదు. ఇది పాత అరవై క్యాండిల్ బల్బుది.

అటక నిండా అవే ఉండలు. ఒకదాని మీద ఒకటి, చూరుదాకా. అన్నీ కిందికి దించేసరికి మధ్యాహ్నమైంది. ఒకటి ముందు పెట్టుకుని కాసేపు చూశాడు. గట్టిపడిన దూదికి ఏం చేస్తారో అతనికి వేరే చెప్పక్కర్లేదు. గోడకున్న దూదేకే విల్లు దించి, నారి బిగించి, ఉండ మీద ఆనించి మీటాడు. టంయ్‌మంది. ఉండ చిట్లి, దుమ్ము రాలిపోయి, పసుపు వెలుగు పొరలు పొరలుగా విచ్చుకుంది. ఇంకో ఉండ, ఇంకో ఉండ. సాయంత్రమయ్యేసరికి గదంతా ఆ రంగు పరుచుకుంది. సరిగ్గా పదకొండేళ్ళ కిందట ఆ గది ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. గోడకి దబ్బనాలు గుచ్చిన చిల్లులు వరసగా పది కనిపించాయి. ఆ గోడ కింద చాప పరుచుకుని కూర్చునే మనిషొక్కటే లేదు.

అప్పుడు తెలిసింది అతనికి, తను ఆర్పిన ప్రతిసారీ ఆ వెలుగు ఎక్కడికి పోయిందో. ఇన్నేళ్ళూ పొదుపు చేశాననుకున్నది షాజాదీ ఒళ్ళోంచి లాక్కుని పైన పడేసిందేనని తెలిసింది. విల్లు పక్కన పెట్టేసి, మోకాళ్ళ మీద తలపెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు అన్నం వండలేదు.

మూడు రోజులకి సుబ్బరావమ్మ ఇంటికి ఫోనొచ్చింది. కొత్తపట్నం నుంచి షిరీన్.

“బావా, నేను చెప్పానని అక్కకి తెలియనీకు,” అంది. “రెండు నెల్లయింది, ఈ మాయదారి జ్వరాలొచ్చి తగ్గినై. అందరికీ ఒళ్ళు నెప్పులు వదిలినై గానీ అక్కకి వదల్లేదు. వేళ్ళు వంగట్లేదు. దబ్బనం పట్టుకోలేకపోతంది. దాంతో మంచం దిగటం మానేసింది.”

“డాక్టరుకి చూపించారా?”

“ఒంగోలు తీసుకుపోయాం. మాత్రలిచ్చారు. తగ్గుద్ది, టైం పట్టుద్దన్నారు. అదికాదు బావా...” షిరీన్ గొంతు తగ్గించింది. “గదిలో లైటెయ్యనివ్వట్లేదు. వేస్తే ఆర్పెయ్యమంటది. పడుకున్నదానికి లైటెందుకే అంటది.”

బుడాన్ చేతిలో ఫోను అట్లాగే ఉండిపోయింది. అవతల షిరీన్, “బావా? వింటన్నావా?” అంటోంది. సుబ్బరావమ్మే వచ్చి ఫోను అందుకుంది. సంగతి విని, అతన్ని గడప మీద కూర్చోబెట్టి, తనూ ఎదురుగా కూలబడింది.

“పోతావా?”

“పోతానక్కా.”

“పోయేముందు నీకో మాట తెలియాలి,” అంది. మొదటిసారి ఆమె గొంతు తగ్గటం విన్నాడు బుడాన్. “ఆ పిల్లకి జ్వరమొచ్చిన సాయంత్రం నీళ్ళు, నీళ్ళని పిలవటం నాకు గోడవతలికి వినపడింది. గ్లాసు పట్టుకుని వచ్చా. నువ్వు తలుపుకి తాళం వేసి పోయావు.”

బుడాన్ తలెత్తాడు. తాళం వేసినట్టు అతనికి గుర్తే లేదు. లైటు ఆర్పటం, గొళ్ళెం పెట్టటం, తాళం వేయటం - బయటికి పోయేటప్పుడు చేతులు వరసగా చేసుకుపోయే పనులు.

“పదకొండేళ్ళు ఎందుకు చెప్పలేదక్కా?”

“నువ్వు అడగలేదుగా. ఆమె ఎందుకు పోయిందని ఒక్కనాడన్నా నోరు తెరిచి ఎవర్నన్నా అడిగావా?”

రెండు రోజులు అతను పనికి పోలేదు. ఉండలన్నీ ఏకాడు. చారల గుడ్డ తెచ్చి పరుపు కుట్టాడు. పసుపు వెలుగంతా అందులో నింపాడు. తెల్లది ఒక్క పోగు కలవనివ్వలేదు. నింపటం తేలికే గానీ అంచు కట్టటం అతని వల్ల కాలేదు. ఎప్పుడూ షాజాదీ చేసిన పని అది. దబ్బనం వేళ్ళకి గుచ్చుకుంది, కుట్టు వంకర టింకరగా పోయింది. ఎట్లాగో ముడివేసి, పరుపు చుట్ట చుట్టి, పైన నల్లటి కంబళి కప్పి, తాళ్ళతో బిగించాడు.

గుంటూరులో ఒంగోలు బస్సెక్కాడు. చుట్ట పైన వేయమన్నాడు కండక్టరు. “వెచ్చటి సామానండీ, గాలికి చల్లారిద్ది,” అని బతిమాలి డ్రైవరు వెనక నిలబెట్టుకున్నాడు. చిలకలూరిపేట దాటేసరికి మబ్బు కమ్మి వాన పట్టుకుంది. అద్దాలు దించారు. బస్సులో చీకటి పడినట్టైంది. కంబళి అంచులోంచి పసుపు గీత బయటికొచ్చి సీట్ల మధ్య పడింది. ఒకావిడ దాని వైపు జరిగి, ఒళ్ళో పిల్ల తల దువ్వటం మొదలుపెట్టింది. ఇద్దరు రైతులు ఆ గీతలో పత్తికాయ విప్పి పట్టుకుని పురుగెక్కడుందో వెతుక్కుంటున్నారు. బుడాన్ చెయ్యి అలవాటుకొద్దీ కంబళి సర్దబోయింది. పిల్ల జడ ఇంకా సగమే అయింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒంగోలు దాకా ఆ గీతని అట్లాగే ఉండనిచ్చాడు.

కొత్తపట్నం చేరేసరికి మూడు గంటలు. షిరీన్ మొగుడు హయాత్‌కి సందు మొగలో చిన్న కొట్టుంది. కొట్టు వెనకే ఇల్లు. షిరీన్ బుడాన్‌ని చూసి కొంగుతో కళ్ళొత్తుకుని, మాట్లాడకుండా వెనక గది చూపించింది. తలుపు దగ్గరికి వేసుంది. కిటికీకి గోనెపట్టా కట్టుంది.

“అక్కా, బావొచ్చాడు.”

లోపల మంచం కిర్రుమంది. “లైటెయ్యొద్దు,” అని వినిపించింది.

“వెయ్యను,” అన్నాడు బుడాన్. “పరుపు తెచ్చా.”

చీకట్లోనే మంచం పక్కన చుట్ట దించి, తాళ్ళు విప్పి, కంబళి తీశాడు. పసుపు వెలుగు మెల్లగా లేచి గోడలకి పాకింది. షాజాదీ మోచేయి కళ్ళకి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి చెయ్యి తీసింది. జుట్టు తెల్లబడిపోయి, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. ఆమె కూడా అతన్ని చూసింది. పదకొండేళ్ళలో ఇద్దరూ ముసలివాళ్ళయిపోయారని ఆ వెలుగులోనే ఇద్దరికీ తెలిసింది.

“ఇదెక్కడిది?” అంది.

“మనింట్లోదే. అటక మీదుంది.”

“ఎప్పట్నుంచి?”

“నేను ఆర్పినప్పట్నుంచీ.”

షాజాదీ లేవబోయింది, చేతులు ఆనలేదు. షిరీన్ వచ్చి పట్టుకుంది. బుడాన్, షిరీన్ కలిసి పరుపు పరిచి ఆమెని దాని మీదికి చేర్చారు. ఆమె అరచేతులు బోర్లించి పరుపుకి ఆనించుకుంది. వేళ్ళు కట్టెపుల్లల్లాగా బిగిసి ఉన్నాయి. చాలాసేపు అట్లాగే ఉంచింది.

“ఇది నాది,” అంది చివరికి.

“నీదే. అందుకే తెచ్చా.”

“నన్ను రమ్మనటానికొచ్చుంటే ఇప్పుడే చెప్తన్నా. నేను రాను.”

“రమ్మనటానికి రాలేదు.”

“మరి?”

బుడాన్ నేల మీద కూర్చున్నాడు. మాటలు అతనికి ఎప్పుడూ సులువుగా రాలేదు. దారంలో పడ్డ చిక్కు తీసినట్టు ఒక్కొక్కటే తీసుకున్నాడు. “ఆ రోజు నువ్వు నీళ్ళడిగావంట. నేను తాళం వేసి పోయానంట. నాకు తెలీదు షాజాదీ. తెలీదంటే తప్పు కాకుండా పోదు. నీకు జ్వరమని తెలుసు, నువ్వు లోపలున్నావని తెలుసు. అయినా చెయ్యి తాళం వేసింది. ఆ సంగతి నీ మొహం చూసి చెప్పాలని వచ్చా.”

షిరీన్ గది బయటికి పోయింది.

“చీకటి నాకు అలవాటైపోయిందయ్యా నీతో,” అంది షాజాదీ, పైకప్పు చూస్తూ. “దానికి బాధపళ్ళేదు. తాళం చప్పుడు విన్నాక అనిపించింది, ఈయన లెక్కలో ఇంట్లో మనిషెవరూ లేరని. లేని మనిషి ఉండి ఏం చేస్తది? అందుకని వచ్చేశా.”

ఆమె ఏడవలేదు, అతన్ని ఓదార్చనూ లేదు. కాసేపయ్యాక బోర్లించిన చెయ్యి మెల్లగా పరుపు అంచు దాకా జరిపింది. వంకర కుట్టు మీద బొటనవేలు ఆనింది.

“ఎవరు కుట్టారిది?”

“నేనే.”

“కనపడతానే ఉంది,” అంది.

బుడాన్ అయిదింటి బస్సుకి తిరిగొచ్చేశాడు.

ఆ తర్వాత సంగతులు షిరీన్ ఫోన్లోనే చెప్పేది. వారానికి అక్క చూపుడువేలు వంగింది. రెండోవారం గ్లాసు పట్టుకుంది. మూడోవారం బ్లేడు తెమ్మని, పరుపు అంచంతా విప్పించి, దాని వెలుగులోనే కూర్చుని మళ్ళీ కుట్టుకుంది. ఆమె లేచి తిరుగుతోందని తెలిసి, చేపలవాడ నుంచి జక్రయ్య భార్య వచ్చింది. మొగుడికి జ్వరం పోయినా మోకాళ్ళు పట్టేసి పడవెక్కలేకపోతున్నాడని చెప్పుకుంది. షాజాదీ పరుపు చుట్టి ఇచ్చింది. జక్రయ్య నాలుగు రోజులు దాని మీద పడుకుని అయిదో రోజు వలేసుకుని పోయాడు. అక్కణ్ణుంచి పరుపు ఇల్లిల్లూ తిరిగింది. ఒంటికి ఒంటికీ కాస్త వెచ్చదనం ఇచ్చుకుంటూ, ఇల్లిల్లుకీ కాస్త పలచబడుతూ పోయింది. తిరిగొచ్చేసరికి చారల గుడ్డ ఒట్టి సంచిలాగా వేలాడుతోంది.

“అంతా ఇచ్చేసింది బావా,” అంది షిరీన్. “నీకేమన్నా బాధగా ఉందా?”

“ఆమెది. ఆమె ఇష్టం,” అన్నాడు బుడాన్.

ఇల్లు మటుకు అట్లాగే ఉంది. అతనొక్కడే. అటక ఖాళీ అయింది గానీ మూలల్లో తెల్ల వెలుగు ఇంకా మిగులుతూనే ఉంది. కాకపోతే తట్టెడు కాస్తా దోసెడైంది. అన్నం తిన్నాక కూడా బుడాన్ లైటు కింద కూర్చుంటున్నాడు. చేసే పనేమీ లేదు. కాసేపు గోడ చూస్తాడు, కాసేపు తన చేతులు చూసుకుంటాడు. మొదట్లో ఎవరో తిడతారేమో అన్నట్టు ఒళ్ళు ముడుచుకుపోయేది. ఒకరోజు అట్లా కూర్చునే సుబ్బరావమ్మకి కనపడ్డాడు. “ఏందిరా?” అంది గోడ మీంచి. “ఏం లేదక్కా, ఊరికే,” అన్నాడు.

చలి మొదలయ్యే రోజుల్లో మళ్ళీ ఫోనొచ్చింది. ఈసారి మాట్లాడింది షాజాదీ.

“చేపలవాడలో పరుపులు అడుగుతున్నారు. మామూలు దూదివే. గుడ్డ కుట్టటానికి నేనున్నా. ఏకేవాడు ఈ చుట్టుపక్కల లేడు,” అంది. కాస్త ఆగి, “వస్తావా?” అంది.

అప్పటినుంచీ రెండు వారాలకోసారి శుక్రవారం పొద్దున్నే బయల్దేరి బుడాన్ కొత్తపట్నం పోయేవాడు. షిరీన్ పెరట్లో అతను దూది ఏకేవాడు. కాస్త ఎడంగా పీట వేసుకుని షాజాదీ కుట్టేది. పెద్దగా మాటలుండేవి కావు. “ఈ దూదిలో గింజలున్నై,” అని ఆమె, “ఇంకో రెండు మూరల గుడ్డ పడుద్ది,” అని అతను. మధ్యాహ్నం హయాత్‌తో పాటు కూర్చుని చేపల పులుసు తినేవాడు. అయిదింటి బస్సుకి వెనక్కి. తాళం తీసి ఇంట్లోకి పోయేసరికి ఒంటికి పట్టిన ఉప్పుగాలి వాసన అతనితోపాటు లోపలికొచ్చి, స్నానం చేశాక పోయేది.

సంక్రాంతి పోయి మిరపకాయలు కళ్ళాల్లో ఎర్రగా ఎండుతున్న రోజులు. ఒక శుక్రవారం పని ఆలస్యమైంది. చివరి అంచు కట్టేసరికి బస్సొచ్చే టైమైంది. బుడాన్ గబగబా విల్లు భుజానేసుకుని సందులోంచి నడిచాడు. వెనక అడుగుల చప్పుడు వినపడి తిరిగి చూస్తే షాజాదీ. ఇన్ని నెలల్లో అతన్ని సాగనంపటానికి ఆమె వాకిలి దాటి రావటం అదే మొదలు. రోడ్డు దాకా వచ్చింది. ఇద్దరూ తుమ్మచెట్టు కింద నిలబడ్డారు. బస్సొచ్చింది. అతను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

“వచ్చేసారి పెళ్ళివారివి మూడు పరుపులున్నై,” అంది కింద నుంచి. “పెందలాడే రా.”

“ఎంత పెందలాడే?”

షాజాదీ సముద్రం వైపు చూసింది. కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది. ఆమె రెండడుగులు బస్సుతోపాటు నడిచింది.

“ముందురోజే వచ్చెయ్,” అంది.